కుకీ వద్దన్న కుందేళ్లు, నక్క నొక్కిన బ్యానర్

చింతమడుగు అడవిలో టవర్ వేసిన ఏడాదికే జంతువులన్నీ ఫోన్లు పట్టాయి. కాకి నల్లమ్మ ఏకంగా ఒక వెబ్‌సైటే పెట్టింది. పొద్దున్నే అడవంతా ఎగిరొచ్చి, పులి ఎటువైపు తిరుగుతోందో అందులో రాసేది. అది చూసుకున్నాకే కుందేళ్లూ జింకలూ మేతకు కదిలేవి. ఆ సైటు పైభాగంలో ఎలుగుబంటి వీరన్న తేనె దుకాణం బ్యానర్ ఉండేది. నొక్కితే దుకాణం పేజీ తెరుచుకుంటుంది. అందుకు వీరన్న ఇచ్చే గింజలతోనే నల్లమ్మ బతుకూ, సైటూ నడిచేవి.

ఒకరోజు వీరన్న ముఖం గంటు పెట్టుకుని వచ్చాడు.

"నల్లమ్మా, ఈ నెలంతా నీ బ్యానర్ నొక్కి నా దగ్గరికొచ్చింది ముగ్గురే. ఇదే బ్యానర్ పెట్టిన నక్క జంబయ్య సైటు నుంచి ఇరవై మంది వచ్చారు. నీ బ్యానర్ తీసేస్తా."

"అయ్యో వీరన్నా! నిన్ననేగా కుందేలు చెవులమ్మ ఇంటిల్లిపాదీ నొక్కారు. నీ దగ్గర తేనె కూడా కొన్నారు!"

"కొన్నారు. నీ దగ్గర్నుంచి వచ్చారని నాకెలా తెలుస్తుంది? వాళ్ల ఫోన్లలో కుకీ లేదు."

కుకీ అంటే తినేది కాదు. ఎవరు ఏ సైటు నుంచి వచ్చారో గుర్తుండేలా ఫోన్లో దాచే చిన్న చీటీ. వీరన్న దుకాణం ఆ చీటీ ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకునేది.

నల్లమ్మ చెవులమ్మ పొద దగ్గర వాలింది. "కుకీలెందుకు ఆపేశారమ్మా?"

"ఫోన్ పులి చేతికి చిక్కితే? మేం ఎక్కడెక్కడ తిరిగామో ఆ చీటీలే చెప్పేస్తాయి. పిల్లలు గలదాన్ని, నావల్ల కాదు తల్లీ."

నల్లమ్మకు ఒళ్లు మండింది. సైట్లు బాగుచేసే తాబేలు కూర్మయ్య దగ్గరికి పోయి, "కుకీ వద్దన్నవాళ్లకి నా సైటు తెరుచుకోకుండా చెయ్యి తాతా!" అంది.

"చేస్తాను. రేపు చెవులమ్మ పులికి ఎదురెళ్తే ఏం చేస్తావ్?"

"అయితే వద్దులే తాతా. మరి నా గింజల మాటేంటి?" అంది నల్లమ్మ.

"భయపడేవాళ్ల ఫోన్లో చీటీ పెట్టడమెందుకే? బ్యానర్ లింకులోనే నీ పేరు కలిపేద్దాం. నొక్కగానే 'నల్లమ్మ సైటు నుంచి' అని దుకాణానికి తెలుస్తుంది. వచ్చిందెవరో తెలియదు. ఎక్కణ్ణించి వచ్చారో తెలిస్తే చాలదూ?"

వీరన్న సరేనన్నాడు. రెండు సైట్ల లింకులూ అలాగే మార్చారు. వారంలో నల్లమ్మ బ్యానర్ మీద అరవై నొక్కులు పడ్డాయి. జంబయ్యకు కడుపు రగిలిపోయింది.

"చీటీ లేకపోతే ఎవరు నొక్కారో తెలియదన్నమాట!" అనుకున్నాడు. పొద్దున కూర్చుని తన బ్యానర్‌ను తానే టకటకా నొక్కడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికి ఐదొందలు.

వీరన్న ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కుండలన్నీ దింపి, గరిటెలు కడిగి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క ఈగ తప్ప ఎవరూ రాలేదు. సాయంత్రం జంబయ్య దర్జాగా వచ్చాడు, కుడిచేతి వేలికి ఆకు చుట్టుకుని.

"చూశావా అన్నా, నా సైటు సత్తా! ఇక ఆ కాకి బ్యానర్ పీకెయ్."

"పీకేద్దాంలే. ఐదొందల మందిలో ఒక్కడూ చుక్క తేనె కొనలేదేం?"

"పెద్దపెద్దవాళ్లన్నా, మొహమాటం!"

"సరే, ఈ కుండ పట్టుకుపో."

జంబయ్య కుండ అందుకోబోయి "అమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వేలికేమైంది జంబయ్యా?"

"ముల్లు గుచ్చుకుంది."

"ఏ వేలికి?"

"అదే అన్నా, నొక్కే వేలి..." జంబయ్య నాలుక కరుచుకున్నాడు.

కుండ తిరిగి అటకెక్కింది. జంబయ్య సైటులో బ్యానర్ ఆ పూటే ఊడింది. ఒకే చోటు నుంచి గంటలో ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటిగానే పడేలా కూర్మయ్య మార్చేశాడు. మర్నాడు పులి వాగు దాటి అవతలికి పోయిందని నల్లమ్మ రాసింది. చెవులమ్మ పిల్లల్ని తీసుకుని ఇవతలి గట్టు వైపు మేతకు పోయింది.

రానివాళ్లను వచ్చినట్టు చూపించబోతే, నిజంగా వచ్చినవాళ్ల వల్ల దక్కే మేలు కూడా చేజారిపోతుంది.