ఎక్కడ చచ్చావో చెప్పు

ముత్యాలరావు మాస్టారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు రాదని ఆయన శిష్యులందరికీ తెలుసు. "కుర్చీ లాక్కో" అంటారు. ఆ తర్వాత ఏదో ఒకటి చూపిస్తారు. అర్థమైతే సరే, కాకపోతే టీ తాగి వెళ్ళిపోవడమే. ఇంతా చేసి ఆయన నేర్పేది వేదాంతం కాదు, వీడియో గేము. విశాఖపట్నంలో ఒక పాత అపార్టుమెంటు, అందులో వరసగా కంప్యూటర్లు, ఆరుగురు ఆటగాళ్ళు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు తెరమీద తుపాకులతో తలపడే ఆట అది. అందులో పేరుంది, జీతముంది, వయసు మీరిపోవడమూ ఉంది. కాకపోతే ఆ వయసు పాతికేళ్ళకే మీరిపోతుంది.

జట్టు నాయకుడు హేమసుందర్‌కి మొన్ననే పాతిక నిండింది. డిగ్రీ మధ్యలో వదిలేసి ఆరేళ్ళుగా ఇదే లోకంగా బతుకుతున్నాడు. తెరమీద ఎరుపు పచ్చగా మారగానే మీట నొక్కే పరీక్ష ఒకటుంది. చేరిన కొత్తలో ఆ పరీక్షలో అతన్ని మించినవాడు లేడు. ఇప్పుడు ఆరుగురిలో అతనే ఆఖరు. సన్నబడాలనుకునేవాడు అస్తమానూ తూకం ఎక్కినట్టు, ఎవరూ చూడకుండా రోజుకి పదిసార్లు ఆ పరీక్ష పెట్టుకుని, పదిసార్లూ దిగాలుపడేవాడు. రాష్ట్ర పోటీకి ఐదుగురి పేర్లు ఆ సాయంత్రంలోగా పంపాలి. రాయాల్సింది నాయకుడే. నాలుగు పేర్లు రాశాడు. ఐదోది తనదా, కొత్తగా చేరిన ఫణీంద్రదా? తన పేరు రాస్తే జట్టు మునుగుతుందేమోనని భయం. రాయకపోతే, ఆట లేని తాను ఎవరో తనకే తెలియదు. ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం మాస్టారి గదికి వచ్చాడు.

"మాస్టారూ, నేనింకా ఎన్నాళ్ళు ఆడగలను?"

డాక్టర్నో జ్యోతిష్కుణ్ణో అడగాల్సిన ప్రశ్న. మాస్టారు రెండూ కాదు కనక, "కుర్చీ లాక్కో" అన్నారు.

ఆటగాళ్ళ ముఖాలు చిత్రీకరించడానికి ప్రతి తెరమీదా ఆయన ఒక చిన్న కెమెరా పెట్టించారు. ముందురోజు ప్రాక్టీసులో సుందర్ ముఖం పడిన వీడియో తీసి, సౌండు కట్టేసి, ఆడించారు. ఆట కనిపించదు, మాట వినిపించదు. ఉన్నదల్లా ముఖమే.

"ఇందులో నువ్వెక్కడ చచ్చావో చెప్పు."

సుందర్‌కి నవ్వొచ్చింది. ఆరేళ్ళలో కొన్ని వేలసార్లు చచ్చాడు, ఆమాత్రం పోల్చుకోలేడా? తెరమీది సుందర్ పళ్ళు బిగించి, భుజాలు చెవులదాకా ఎగేసుకుని, రెప్ప వెయ్యకుండా కూర్చున్నాడు. ఒకచోట ఆ ముఖం మరీ మాడిపోయింది. కాసేపటికి భుజాలు దిగాయి, కళ్ళు కదిలాయి, చెయ్యి గాల్లోకి లేచి ఏదో చూపిస్తోంది. చూస్తుండగానే ముఖం కడిగినట్టు తేటపడింది.

"ఇదిగో, ముఖం మాడిన చోట చచ్చాను. ఈ నవ్వుతున్నది తర్వాతి రౌండు."

మాస్టారు మరో రెండు రౌండ్లు చూపించారు. వాటికీ సుందర్ తడుముకోకుండా చెప్పేశాడు. అప్పుడాయన వీడియో మొదటికి తిప్పి, సౌండు పెట్టి, పక్కనే ఆట కూడా చూపించారు.

ముఖం మాడిన చోట సుందర్ చావలేదు. ఎదుటి జట్టులో ఒకణ్ణి పడగొట్టాడు. చచ్చింది ఆ తర్వాత, భుజాలు దిగిన చోట.

ఈ ఆటలో చచ్చినవాడు లేచి వెళ్ళిపోడు. ఆ రౌండు ముగిసేదాకా మిగిలినవాళ్ళ తెర చూస్తూ కూర్చుంటాడు. వాళ్ళతో మాట్లాడనూ వచ్చు. కాకపోతే ఈ జట్టులో ఒక కట్టుబాటుంది: చివరికి ఒక్కరే మిగిలితే, చచ్చినవాళ్ళలో ఒక్కరే నోరు విప్పాలి. లేకపోతే నలుగురి కేకలతో ఆ మిగిలిన ఒక్కరికీ మతిపోతుంది. ఆ రౌండులో మిగిలింది జట్టులోని అమ్మాయి నీలోఫర్. వినిపిస్తున్న గొంతు సుందర్‌ది.

"నీలూ, కంగారుపడకు. ఇద్దరే ఉన్నారు. ఎడమవైపు వాడికి తొందరెక్కువ, వాడే బయటికొస్తాడు. నువ్వు కదలకు. ఆగు... ఆగు... ఇప్పుడు!"

నీలోఫర్ ఒకణ్ణి కొట్టింది. రెండోవాడెటు తిరుగుతాడో కూడా ఆ గొంతు ముందే చెప్పింది. రౌండు గెలిచారు. తెరమీది సుందర్ కుర్చీలోంచి లేచి గంతేశాడు. తను కొట్టినప్పుడు ముఖం మాడ్చుకున్న మనిషి, ఎవరో కొడితే గంతేశాడు. మిగతా రెండు రౌండ్లూ అదే కథ. బతికి ఉన్నంతసేపూ శవంలా ఉన్నాడు.

సుందర్‌కి గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. పొద్దుట్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి విపరీతంగా ఆకలేసింది. మ్యాచి రోజుల్లో ముద్ద దిగక ఎన్నాళ్ళయిందో!

కాగితం తీసి ఐదో పేరు ఫణీంద్రది రాశాడు. కింద సహాయ శిక్షకుడు అన్న గడి ఏటేటా ఖాళీగానే వెళ్ళేది. కలం అక్కడ ఆగింది.

"రాయొచ్చా మాస్టారూ?"

"రాయరా. నాకూ ఓపిక తగ్గిపోతోంది."

ఆ గడిలో తన పేరు రాసి, మళ్ళీ ఒకసారి చదువుకుని, పంపేసి వచ్చాడు. అప్పటికి మాస్టారు వీధి చివర నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నాలుగు తిన్నాక సుందర్‌కి లోకం గుర్తొచ్చింది.

"జనం ఊరుకోరు మాస్టారూ. చేతకాక తప్పుకున్నాడంటారు."

మాస్టారు ఐదో బజ్జీ అతని వైపు జరిపారు.

"అంటారు. సౌండు లేకుండా చూసేవాళ్ళు అలాగే అంటారు."