అన్నం ఉడికేదాకా

రంగసాని చెప్పులు కూడా విడవకుండా జులేఖా బీబీ గుడిసెలోకి దూసుకొచ్చింది. సూఫీ గురువైన ఆ ముసలామె బియ్యం కడుగుతోంది.

"వాడు నన్ను పొమ్మన్నాడమ్మా! కోటలో పెద్దింటి పిల్లతో నిఖా అట. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యాలట."

వాడంటే షాకిర్. సుల్తాను కొలువుకు బొమ్మలు వేస్తాడు. ఆ బొమ్మల్లో లైలా, రాధ, నీళ్ళు ముంచే పల్లెపడుచు అందరూ రంగసానే. వయసంతా అతని కుంచె ముందు, అతని ఇంట్లోనే గడిపేసింది. ఆమె ముఖం గీతల్ని పల్చటి జింక తోలు మీద సూదితో పొడిచి పెట్టుకున్నాడు షాకిర్. దాని మీద బొగ్గుపొడి అద్దితే కింది కాగితం మీద ఆ ముఖమే దిగుతుంది.

"ఆ తోలుముక్క చూపించి, ఇది ఉండగా ఇక నువ్వెందుకు అన్నాడమ్మా!"

బీబీ ఏదో అనేలోగా షాకిరే వచ్చాడు. అతనూ ఆమె శిష్యుడే, ఆమె మాట దాటి ఎరగడు. పెళ్ళికి దీవెన కోరి, కానుకగా కొత్త బొమ్మ తెచ్చాడు. బొమ్మలో కన్య మరియం మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి ఆకాశానికి చాచి ఉంది.

"చెయ్యి బాగా కుదిరింది నాయనా."

"వానాకాలమంతా కష్టపడ్డానమ్మా దానికోసం."

రంగసాని ఒళ్ళు మండిపోయింది. "కష్టం నీదా? చెయ్యెత్తి కూర్చున్నది నేను! రాత్రికి చెయ్యి లేవక ముద్ద నోటిదాకా పోయేది కాదు."

"కూర్చోవడం కూడా పనేనా రంగీ? కుండ పెట్టినా కూర్చుంటుంది."

"అయితే ఇన్నేళ్ళూ కుండనే పక్కలో వేసుకోకపోయావా?"

బీబీ ఎసరు పోసి, బియ్యం వేసి, కుండ పొయ్యి మీద పెట్టింది.

"నాయనా, ఈ బొమ్మలోలాగే కూర్చో. అన్నం ఉడికేదాకా చెయ్యి దించకపోతే రంగసానిని నేనే పంపించేస్తాను. దించితే ఇల్లు ఆమెది, వెళ్ళేది నువ్వు. సరేనా?"

"ఇంతేనా అమ్మా?" నవ్వుతూ కూర్చున్నాడు షాకిర్.

రంగసానికి గురువు మీద కూడా కోపం ముంచుకొచ్చింది. తన బతుకంతా ఒక కుండెడు అన్నానికి సరిపోయిందా? అయినా ఊరుకోలేక దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మోచెయ్యి పైకి. గడ్డం ఎత్తు. ముఖంలో శాంతం ఏది? ఈగ వాలినా కదలకూడదని నువ్వే అనేవాడివిగా!"

షాకిర్ నవ్వు ఆగింది. కాసేపటికి వేళ్ళు వణికాయి. భుజం లాగేసింది. పెదవి కొరుక్కున్నాడు. కణతల మీద చెమట కారుతుంటే తుడుచుకోవడానికి లేదు.

చెయ్యి ధబ్బున ఒళ్ళో పడింది.

"ఉడికిందా అమ్మా?" అన్నాడు తల ఎత్తకుండా.

బీబీ మూత తీసి చూసింది.

"బియ్యం ఇంకా బియ్యంగానే ఉన్నాయి నాయనా."