రాజమాత బొంతకి శాటిన్ అంచు

కసవరాజుకి ఒక్కోరోజు ఒక్కో పట్టుదల. ఆ రోజు నిండుకొలువులో కప్పం, కోటగోడల సంగతులన్నీ పక్కన పెట్టించి బొంత మాట ఎత్తాడు.

"మా అమ్మగారి బొంత అంచు చిరిగిపోయింది. కొత్త అంచు ఎలా వేస్తారో తేల్చండి. అందాకా కొలువులో ఇంకో మాట లేదు" అన్నాడు.

పక్కనే రాజమాత అక్కమాంబ బొంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు కుట్టి ఇచ్చిన బొంత అది. అంచు పోగులు లేచి ఆవిడ గాజులకి చిక్కుకుంటున్నాయి. లోపలి దూది బయటికి తొంగిచూస్తోంది.

రాజుగారి బట్టలూ నగలూ దాచే తోషాఖానాకి అధికారి కుప్పనమంత్రి లేచాడు. రాజ్యంలో గజం గుడ్డ కొయ్యాలన్నా తననే అడగాలని ఆయన పట్టింపు.

"ఇంతేనా ప్రభూ. రేవులో ఓడ దిగిన శాటిన్ గుడ్డ తాను ఒకటి తెప్పిస్తాను."

"కొత్త తాను వద్దు" అంది అక్కమాంబ. బొంత మడతలోంచి నెమలికంఠం రంగు శాటిన్ కండువా తీసింది. "ఇది పెద్దరాజావారిది. చివరిదాకా ఆయన భుజం మీదే ఉండేది. అంచు దీంతోనే వేయాలి. అయితే దీన్ని తుంపులు తుంపులుగా కోస్తుంటే నేను చూడలేను. కత్తెర ఒక్కసారి పెట్టండి, ఓర్చుకుంటాను. తీసి మళ్ళీ పెడతానంటే ఒప్పుకోను."

కుప్పనమంత్రి కండువాని ఎగాదిగా చూశాడు. "కండువా మనిషి పొడుగు. బొంత చుట్టూ తిరగాలంటే దానికి ఎన్నింతలో కావాలి. ఒక్కసారి కోస్తే వచ్చేవి రెండు ముక్కలు. అంచెక్కడ వస్తుంది? అమ్మగారు మమకారం కొద్దీ అడుగుతున్నారు గాని ఇది కుదిరే పని కాదు."

అక్కమాంబ కండువాని మెల్లగా మడత పెట్టుకోసాగింది.

ఆ మడతపెట్టే చేతుల్ని విదూషకుడు కోనప్ప చూశాడు. అతనికి సూది పట్టుకోవడం కూడా రాదు. అయినా నోరు ఊరుకోలేదు.

"కుదురుతుంది తల్లీ" అనేశాడు.

అన్నాడు గాని ఎలా కుదురుతుందో అతనికీ తెలియదు.

కుప్పనమంత్రి మీసం కింద నవ్వుకున్నాడు. "ఏమయ్యా కోనప్పా, అది జరిగితే బొంతకి అంచు నేనే కూర్చుని కుడతాను. జరక్కపోతే రేపటినుంచి నువ్వు కొలువుకి రాకూడదు. సరేనా?"

"సరే" అన్నాడు రాజు, కోనప్పని అడక్కుండానే.

కోనప్ప బుర్ర గోక్కోబోయాడు. చెయ్యి తలపాగాకి తగిలింది. అక్కడే ఆగిపోయాడు. మెల్లగా తలపాగా తీసి కొస పట్టుకుని లాగాడు. చుట్టు చుట్టుగా ఊడి, సభ నడుమ దాకా పొడుగ్గా పరుచుకుంది.

'గుండ్రంగా ఉన్నదే పొడుగైంది' అనుకున్నాడు. రాజమాత వైపు తిరిగాడు.

"తల్లీ, కత్తెరకన్నా ముందు సూదీ దారం కావాలి. కుట్టు తమ చేత్తోనే పడాలి. కండువా రెండు పొడుగంచులూ కలిపి గొట్టంలా కుట్టండి. కానీ సమంగా వద్దు. ఒక అంచుని నాలుగు వేళ్ళంత పక్కకి జరిపి కుట్టండి."

అక్కమాంబ కుట్టింది. రెండు చివరలా నాలుగు వేళ్ళంత గుడ్డ మెట్టులా పొడుచుకొచ్చింది.

"అంచు అడిగితే దిండు గలేబు చేశాడు" అన్నాడు కుప్పనమంత్రి. సభ నవ్వింది.

కోనప్ప ఆ మెట్టు దగ్గర కత్తెర ఆనించి, నాలుగు వేళ్ళ వెడల్పున గొట్టం చుట్టూ కోసుకుంటూ పోయాడు. ఒక చుట్టు తిరిగేసరికి కత్తెర మొదలుపెట్టిన చోటికి రాలేదు, దాని కిందికి దిగింది. అక్కణ్ణించి రెండో చుట్టు, మూడో చుట్టు. నెమలికంఠం పట్టీ జారి అక్కమాంబ ఒళ్ళో పడుతూనే ఉంది.

కుప్పనమంత్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆపండి ప్రభూ. ఒక్కసారన్నారు, ఇతను ఇందాకట్నించీ కోస్తూనే ఉన్నాడు."

కోనప్ప తలెత్తలేదు. కత్తెర ఆడుతూనే ఉంది.

"పెట్టింది ఒక్కసారే మంత్రిగారూ. తీస్తే కదా, రెండోసారి పెట్టానని అనడానికి."

చివరి చుట్టూ పూర్తయింది. కోనప్ప అప్పుడు తీశాడు కత్తెర. అక్కమాంబ పట్టీని ఒక కొస నుంచి వేళ్ళ మధ్య జరుపుతూ రెండో కొస దాకా వెళ్ళింది. ఎక్కడా తెగలేదు. బొంత చుట్టూ పెట్టి చూస్తే అంతా తిరిగి, ఇంకా మిగిలింది.

"ఒక్కటిగానే ఉంది" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

కసవరాజు మెడలోని ముత్యాల పేట తీసి కోనప్ప మెడలో వేశాడు. తర్వాత కుప్పనమంత్రి వైపు చూశాడు, అంతే. మంత్రి జరీ అంగరఖా సర్దుకుని, రాజమాత కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. ఎంతకీ సూదిలోకి దారం ఎక్కలేదు. ఎవరో ఎక్కించి ఇచ్చారు.

"ఎన్ని కుట్లు వేయమంటారు అమ్మగారూ?" అన్నాడు సన్నటి గొంతుతో.

"ఎక్కువ శ్రమ పెట్టను నాయనా. ఒక్క కుట్టు వేయండి చాలు. బొంత చుట్టూ తిరిగొచ్చేదాకా మటుకు ఆపకండి."

సభంతా గొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది అక్కమాంబే.