చూడని ఇంటికి పెట్టిన టిక్కు

నియమాలన్నీ తెలివితక్కువవాళ్ల కోసమే పెట్టారని గట్టిగా నమ్మే యుగంధర్ అనే కౌన్సెలర్ ఒక జిల్లా జైల్లో పనిచేస్తూ ఉండేవాడు.

ఆ జైల్లో పసిపిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడినవాళ్లు కొందరుండేవారు. వాళ్లు మళ్లీ ఆ పాపానికి ఒడిగట్టకుండా బుద్ధి మార్చడం అతని పని. ఎవరికి పడితే వాళ్లకు అప్పగించే పని కాదది. అందుకే ఆ రాష్ట్రంలో ఈ పని చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలని చట్టం చేశారు. లైసెన్సు కావాలంటే రెండేళ్లు అనుభవజ్ఞుల దగ్గర శిష్యరికం చేయాలి. ఖైదీ విడుదలయ్యాక ఏ ఇంటికి వెళ్తాడో ఆ ఇంటికి కౌన్సెలర్ స్వయంగా వెళ్లి చూడాలి. చూశాక, ఫారంలో 'ఇల్లు చూశాను' అన్న గడిలో టిక్కు పెట్టాలి.

యుగంధర్‌కు పనంటే ప్రేమే. ఎంత కరడుగట్టినవాడినైనా మాటలతో కదిలించగలడు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

అతని శిష్యరికం ఇంకో నెలలో ముగుస్తుందనగా, అప్పలకొండ అనే ఖైదీ విడుదల దగ్గరపడింది. అప్పలకొండ ప్రతి వారం యుగంధర్ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేవాడు.

"తమరు నా కళ్లు తెరిపించారు సార్. మా అక్క పైడితల్లి ఇంటికెళ్లి, ఓ మూల పడి ఉంటాను," అన్నాడు.

యుగంధర్ పొంగిపోయాడు. ఆ అక్కగారి ఊరికి రెండు బస్సులు మారాలి. పైగా ఎండాకాలం. పైడితల్లికి ఫోన్ చేసి, "మీ తమ్ముణ్ణి ఇంట్లో ఉండనిస్తారా అమ్మా?" అని అడిగాడు. "తోడబుట్టినోడు బాబూ, కాదంతానా?" అందామె. అంతే. టిక్కు పెట్టేశాడు. 'మనిషి పూర్తిగా మారాడు' అని రాసి, సంతకం కోసం మెహరున్నీసా గారి దగ్గరికి తీసుకెళ్లాడు.

యుగంధర్‌కు పని నేర్పుతున్నది ఆమే. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. ఫారం చదివి, కళ్లజోడు తీసింది.

"ఆ ఇంట్లో గదులెన్ని?" అని అడిగింది.

"ఇల్లు చూడకపోతేనేం మేడమ్? మనిషిని చూశాను కదా. అతని కన్నీళ్లు అబద్ధం కాదు," అన్నాడు యుగంధర్.

"కాకపోవచ్చు. పద, ఆ ఇల్లు ఇద్దరం చూసొద్దాం," అంది ఆమె.

మర్నాడు ఉదయమే బయల్దేరారు. దారి పొడవునా యుగంధర్ ముఖం ముడుచుకునే కూర్చున్నాడు. పైడితల్లి ఇల్లు ఒకే ఒక్క గది, ముందు చిన్న వసారా. వసారాలో తొమ్మిదేళ్ల పిల్ల చాప మీద కూర్చుని, గట్టిగా ఎక్కాలు వల్లె వేస్తోంది.

"మా మనవరాలు హారిక," అంది పైడితల్లి. "దీని తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో పనికెళ్లింది. నాను కూడా పొద్దున్నే కూలికెళ్లిపోతాను. ఇకమీదట మా తమ్ముడు ఇంటికాడుంటే పిల్లకి తోడుంటాడు."

యుగంధర్ ఆ ఒక్క గది వైపూ, చాప మీది పిల్ల వైపూ చూశాడు.

"ఇంతకీ మావోడు ఏటి చేసినాడు బాబూ? ఏదో తగువులో ఇరికించేసినారని సెప్పినాడు," అని అడిగింది పైడితల్లి.

చెప్పాల్సింది యుగంధరే. పిల్లను నీళ్లు తెమ్మని లోపలికి పంపి, కోర్టు తీర్పులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పైడితల్లి గోడకు చేరగిలబడిపోయింది. "మరి ఫోన్‌లో ఈ ముక్క ఎందుకు సెప్పలేదు బాబూ?" అంది.

యుగంధర్ సిగ్గుతో తల దించుకున్నాడు.

జైలుకు రాగానే అప్పలకొండను పిలిపించాడు. "ఆ ఇంట్లో పాప ఉందని నాకెందుకు చెప్పలేదు?" అని నిలదీశాడు.

అప్పలకొండ ఈసారి ఏడవలేదు. "తమరు అడగలేదు కదా సార్," అన్నాడు.

యుగంధర్ ఆ ఫారాన్ని చింపేయవచ్చు. మెహరున్నీసా గారు తప్ప ఎవరూ చూడలేదు కూడా. కానీ అతను దాన్ని పట్టుకుని నేరుగా లైసెన్సు ఇచ్చే బోర్డు ముందుకు వెళ్లి, "నేను చూడని ఇంటిని చూశానని రాశాను," అని ఒప్పుకున్నాడు. బోర్డు అతని శిష్యరికాన్ని మరో ఏడాది పొడిగించింది. అప్పలకొండను పిల్లలెవరూ లేని సంరక్షణ వసతిగృహానికి పంపి, అక్కడే కౌన్సెలింగ్ కొనసాగించారు. హారిక తన అమ్మమ్మ ఇంట్లో క్షేమంగా ఉంది.

"ఏడాది వృథా అయిందని బాధపడుతున్నావా?" అని అడిగింది మెహరున్నీసా.

"లేదు మేడమ్. రేపు ఇంకో ఖైదీ ఇల్లు చూడాలి. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్తున్నాను," అన్నాడు యుగంధర్.

ఆ ఏడాదంతా అతను ఒక్క ఇల్లూ వదల్లేదు. ఏడాది తిరిగేసరికి లైసెన్సు చేతికొచ్చింది. ఆ జిల్లాలో అతని సంతకానికి ఉన్నంత విలువ మరొకరి సంతకానికి లేదని ఇప్పుడు అందరూ అంటారు.

నీతి: ఒక బిడ్డ క్షేమం మన సంతకం మీద ఆధారపడినప్పుడు, మన తెలివినీ ఎదుటివాడి కన్నీళ్లనూ నమ్ముకోకుండా, కళ్లతో చూసిన తరువాతే చూశానని రాయాలి.