ఎర్ర చుక్కల కెమెరా

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు రాణీ లేదు గానీ, ఒక మిరపకాయల కల్లం ఉంది. కాళ్ళు ఆడించకు, చెప్తున్నా! ఆ కల్లం వెంకాయమ్మది. కాపలా ఏసోబుది. పదేళ్ళ నుంచీ ఆ కాపలా మీదే అతని ఇల్లు గడుస్తోంది.

ఒకరోజు చీకటి పడ్డాక, ఏసోబు ఇంటికెళ్ళి అన్నం తిని వచ్చేలోగా ఒక బస్తా మాయమైంది. అసలే వెంకాయమ్మకి ఒళ్ళంతా అనుమానం. పైగా తమ్ముడు సాంబయ్య, "అక్కా, కాపలావాణ్ణే ఓ కంట కనిపెట్టు" అన్నాడు. అప్పుడు ఆవిడ కెమెరా బిగించింది. చీకట్లో దాని కంటి చుట్టూ ఎర్ర చుక్కలు వెలిగేవి.

ఆ తర్వాత రెండో బస్తా పోయింది. కెమెరాలో పిల్లి కూడా పడలేదు. ఆ తర్వాత మూడోదీ పోయింది. అప్పుడూ కెమెరాలో ఏమీ లేదు.

"కెమెరాకి దొరక్కుండా తిరగడం కల్లంలో ఉండేవాడికే తెలుసు. రేపట్నుంచి రావద్దు" అంది వెంకాయమ్మ. పాపం, ఏసోబు తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. నాకైతే ఒళ్ళు మండిపోతుందమ్మా!

అప్పుడు కెమెరాలు బిగించే షాహీనా వచ్చింది. "పిన్నిగారూ, ఈ ఎర్ర వెలుగు దొంగకీ కనిపిస్తుంది కదా. అది ఎటు చూస్తోందో చూసుకుని వెనకనుంచి వస్తున్నాడేమో. వెలుగు కనపడని రకం కూడా ఉంది. అదీ చీకట్లో చూస్తుంది, కానీ అంత దూరం కాదు" అంది. పాతదాన్ని అక్కడే ఉంచి, దాని వెనకాల, బస్తాల మీద కప్పే పట్టాల సందులో కొత్తది పెట్టింది. ఈ సంగతి వాళ్ళిద్దరూ ఇంకెవరికీ చెప్పలేదు.

కాపలా కూడా లేదాయె, దొంగకి మరీ ధైర్యం వచ్చింది. ఎర్ర చుక్కల్ని తప్పించుకుని సరాసరి కొత్తదాని ముందుకే వచ్చాడు. ఎవరనుకున్నావ్? సాంబయ్య! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే మరి.

ఆ తర్వాత వెంకాయమ్మ ఏసోబు గుమ్మం ముందు నిలబడింది. "తప్పయిపోయింది ఏసోబూ, కాపలాకి రా" అంది.

"వస్తానమ్మా. ఆ వెలుగు కనపడని కెమెరా మాత్రం కల్లంలో నేను పడుకునే మంచం వైపే తిప్పించండి" అన్నాడు ఏసోబు. "మళ్ళీ బస్తా పోతే, నా మాట ఎటూ నమ్మరుగా."

వెంకాయమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం!

కథేమో కంచికి, నువ్వేమో మంచానికి,
మాటలిక చాలు గానీ, బజ్జో నా తల్లీ!