కంప్యూటర్‌కి జడ వేసినవాళ్ళు

చీరాలలో టైలర్ కోటిలింగం ఇంట్లో ఉన్నంత తెలివి ఆ వీధి మొత్తం మీద ఇంకే ఇంట్లోనూ లేదు. ఈ మాట నేనన్నది కాదు, కోటిలింగమే అంటాడు. ఆయన అనగానే భార్య వెంగమ్మ "అవును" అంటుంది, తమ్ముడు బసవయ్య "అవునవును" అంటాడు. ఉన్న ముగ్గురూ ఒప్పుకున్నాక ఇక కాదనడానికి మనమెవరం?

రుజువులు కూడా ఉన్నాయి మరి. బసవయ్య వాన వచ్చే రోజున గొడుగు ఇంట్లో దాచి వెళ్తాడు, తడిస్తే పాడవుతుందని. వెంగమ్మ మధ్యాహ్నం పూట గోడ గడియారంలో సెల్లు తీసేస్తుంది, పాపం అదీ కాసేపు పడుకోవాలి కదా అని. చొక్కా కుట్టమని ఎవరైనా వస్తే కోటిలింగం, "భోజనానికి ముందు తొడుక్కుంటావా, తర్వాత తొడుక్కుంటావా?" అని అడిగి మరీ కొలత తీస్తాడు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి, అందులో సొంత తెలివి కలపకూడదు. అది వాళ్ళ ఇంటి పద్ధతి. కలపడానికి ఏముందనీ, అని వీధిలో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇంట్లోనే పుట్టిన హైమకి మాత్రం బుర్ర సరిగ్గానే పనిచేసేది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. ఆ పిల్లకి కంప్యూటర్లంటే ప్రాణం. పాత సామాను, కొత్త సామాను కలిపి తనే ఒక కంప్యూటర్ బిగించుకుంది. బజారులో కంప్యూటర్ల షాపు సుదర్శనం గారు ఒక పోటీ పెట్టారు. సొంతంగా బిగించిన కంప్యూటర్లు తెచ్చి చూపించాలి. లోపలి తీగలు ఎవరివి ముచ్చటగా ఉంటే వాళ్ళ కంప్యూటర్ అద్దాల బీరువాలో పెడతారు, వాళ్ళకి షాపులోనే ఉద్యోగం ఇస్తారు. హైమకి ఆ ఉద్యోగం కావాలి. అన్నం కంటే ఎక్కువ కావాలి.

కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె ఒకటి ఉంటుంది. దాంట్లోంచి రంగురంగుల తీగలు బయటికొస్తాయి. వాటికి ఒక్కోదానికీ నల్లటి నూలు వల లాంటి తొడుగు వేస్తే అందంగా ఉంటుంది. చిన్న తీగలన్నిటికీ హైమ తొడుగులు వేసేసింది, వేళ్ళు బొబ్బలెక్కాయి. మిగిలింది పెద్ద తీగల గుత్తి. ఇరవై నాలుగు రంధ్రాల ప్లాస్టిక్ ముక్కలో గుచ్చి ఉంటుంది అది. తెల్లారితే పోటీ. ఈలోగా బాపట్లలో పరీక్ష ఒకటి వచ్చి పడింది.

"తొడుగులు తొడగడం మాకు చెప్పాలా అమ్మా? మూడు తరాల నుంచి సూదీ దారమే కదా మన బతుకు! నువ్వెళ్ళి రా, నీ తీగలకి మేం తొడుగుతాం" అన్నాడు కోటిలింగం.

రైలుకి టైమైపోతోంది. హైమ గుమ్మంలో నిలబడి గబగబా చెప్పింది. "నాన్నా, ఆ పెట్టె మూత మాత్రం తియ్యొద్దు, ప్లగ్గు గోడకి పెట్టొద్దు. తీగలు ముట్టుకునే ముందు ఇనుప వస్తువేదైనా ముట్టుకోండి, ఒంట్లో ఉండే కరెంటు పోతుంది. ఏ తీగ ఏ రంధ్రంలోంచి వచ్చిందో జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. తొడుగు వేశాక చివర ఈ నల్ల గొట్టం ముక్క ఎక్కించి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టండి. వేడికి అది ముడుచుకుని బిగుసుకుంటుంది. అంతే."

"అంతేనా!" అన్నారు ముగ్గురూ. హైమ వెళ్ళింది. ఇంకేముంది, మొదలైంది.

ముందు ఇనుము ముట్టుకోవాలి. ఇంట్లో ఇనుమంటే బీరువానే. అది పడకగదిలో ఉంది, కంప్యూటర్ వసారాలో ఉంది. ఒక్కో తీగకీ ఒక్కోసారి లేచి వెళ్ళి బీరువా ముట్టుకుని వచ్చేసరికి బసవయ్యకి ఆయాసం వచ్చింది.

"అన్నయ్యా, బీరువానే ఇక్కడికి తెద్దాం."

"ముట్టుకోమంది గానీ మొయ్యమందా?" అన్నాడు కోటిలింగం. "నువ్వు బీరువా పట్టుకుని నిలబడు. నీ చెయ్యి మీ వదిన పట్టుకుంటుంది. ఆమె చెయ్యి నేను పట్టుకుంటాను. ఒకరు ముట్టుకుంటే అందరం ముట్టుకున్నట్టే."

బసవయ్య పడకగదిలో బీరువాని కౌగిలించుకున్నాడు. వెంగమ్మ గుమ్మంలో రెండు చేతులూ చాచి నిలబడింది. కోటిలింగం వసారాలో ఒంటి చేత్తో తీగలు పట్టుకున్నాడు. ఒంటి చేత్తో ఏ పనీ సాగలేదు గానీ ముగ్గురికీ ఒంట్లో కరెంటు పోయినట్టే అనిపించింది.

"కొంచెం నీరసంగా ఉంది, పోయే ఉంటుంది" అంది వెంగమ్మ.

తర్వాత గుర్తుపెట్టుకోవడం. ఇరవై నాలుగు రంధ్రాలు. కోటిలింగం ఆలోచించాడు. "ఒక్క మనిషి ఇన్ని గుర్తుపెట్టుకుంటే తల పగిలిపోతుంది. మనిషికొకటి అయితే ఎవరికీ బరువుండదు."

అంతే, బసవయ్య వీధిలోకి పరిగెత్తి కనపడిన వాళ్ళనందరినీ పిలుచుకొచ్చాడు. పెళ్ళి భోజనాలకి కూర్చోబెట్టినట్టు వసారాలో ఎదురెదురుగా రెండు వరసలు కూర్చోబెట్టారు, వరసకి పన్నెండు మంది. ప్లాస్టిక్ ముక్కలో రంధ్రాలు కూడా అలాగే ఉన్నాయి మరి. ఒక్కో తీగా ఊడబీకి, దాని చివర పొడుగాటి దారం కట్టి, దారం రెండో కొస వరసలో మనిషి చేతికిచ్చారు. "నువ్వు ఎక్కడ కూర్చున్నావో నీ తీగ అక్కడిది. కదలకు!" అని చెప్పాడు కోటిలింగం. ఎవరూ కదల్లేదు. దోమ కుట్టినా గోక్కోలేదు. ఇంతవరకూ, నిజం చెప్పొద్దూ, పని బాగానే ఉంది.

కానీ ఇరవై నాలుగు రంధ్రాల్లో ఒకటి ఖాళీ. అసలు ఆ ముక్క తయారవడమే అలా తయారవుతుంది. ఖాళీ రంధ్రం దగ్గర కూర్చున్నవాడు పాల కేంద్రం సాంబయ్య.

"అందరికీ ఇచ్చి నాకు ఇవ్వరా? పిలిచి కూర్చోబెట్టి ఇదా మర్యాద?" అని సాంబయ్య మూతి ముడుచుకున్నాడు. ఆకు వేసి అన్నం వడ్డించనట్టుందన్నాడు.

కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. గబగబా మిషను డ్రాయరు వెతికి, పైజామా నాడా ఒకటి తీసి, దానికి దారం కట్టి సాంబయ్య చేతిలో పెట్టాడు. సాంబయ్య చల్లబడ్డాడు.

ఇక తొడుగులు. వల కొసలు కత్తిరించిన చోటల్లా పోగులు ఊడొస్తున్నాయి. కోటిలింగం సన్న సూది తీసి, ప్రతి కొసా లోపలికి మడిచి, కంటికి కనపడనంత చిన్న కుట్లతో అంచు కుట్టాడు. ఆ పని మాత్రం ఆయన చేసినట్టు ఇంకొకరు చెయ్యలేరు, ఒప్పుకోవాలి. "పెరిగే తీగలేమో, కాస్త వదులుగా కుట్టు" అంది వెంగమ్మ. అందుకని కాస్త వదులుగా కుట్టాడు.

తర్వాత హెయిర్ డ్రయ్యర్. వెంగమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. "ఏవయ్యా, ఇది తడి జుట్టు ఆరబెట్టేది కదా. ఈ తీగలు పొడిగా ఉన్నాయి. దీనికేం పని చెప్పాలి?"

"పిల్ల తొందరలో తలంటు సంగతి మర్చిపోయింది" అన్నాడు కోటిలింగం.

ఇంకేముంది! గోరువెచ్చటి నీళ్ళు, కుంకుడు రసం, తీగలకి తలంటు. తుడిచి, వేడి గాలి కొడితే నల్ల గొట్టం ముక్కలు నిజంగానే ముడుచుకోవడం మొదలెట్టాయి. అది చూసి బసవయ్య గోడ వెనక్కి పారిపోయాడు.

"వేడి తగిలితే ముడుచుకుంటారట వదినా! నేనసలే పొట్టివాణ్ణి, నా వైపు తిప్పకు!"

తలంటయ్యాక ఆడపిల్లని జుట్టు విరబోసుకుని వదిలేస్తామా? వెంగమ్మ చిక్కుదువ్వెన తెచ్చి తీగలు నున్నగా దువ్వింది. పాపిడి తీసింది. దారాలు వరసల్లో జనం చేతుల్లో అలాగే ఉన్నాయి. ఇక తీగలు రంధ్రాల్లో గుచ్చడమే తరువాయి.

సరిగ్గా అప్పుడే భీమశంకరం మాస్టారు వచ్చారు. ఆ వీధిలో అందరికీ చదువు చెప్పినాయన. ఆయన గేటు తియ్యగానే రెండు వరసలూ దారాలతో సహా లేచి నిలబడ్డాయి. "కూర్చోండి నాయనా, కూర్చోండి" అన్నారాయన. మళ్ళీ ఎలా కూర్చుంటారు? మాస్టారి ముందు పెద్దలు వెనకా, పిల్లలు ముందూ కూర్చుంటే ఏం బాగుంటుంది? అంతే, వయసు వరస చూసుకుని పెద్దవాళ్ళు ముందు కూర్చున్నారు, చిన్నవాళ్ళు వెనక కూర్చున్నారు. ఎవరి దారం వాళ్ళతోనే వెళ్ళింది.

కోటిలింగం చూసి మురిసిపోయాడు. "ఇందాకటి కంటే ఇప్పుడే పద్ధతిగా ఉంది" అని, ఎవరు ఎక్కడ కూర్చుంటే వాళ్ళ తీగ అక్కడి రంధ్రంలోనే గుచ్చేశాడు. సాంబయ్య నాడాతో సహా. వెంగమ్మ అన్నిటినీ కలిపి నున్నగా జడ అల్లేసింది.

సాయంత్రం హైమ వచ్చింది. ముందు జడ చూసింది, మొహం విప్పారింది. కుట్లు చూసింది, "నాన్నా, ఎంత బాగుంది!" అంది. తర్వాత ప్లాస్టిక్ ముక్క చూసింది.

"ఈ నాడా ఏమిటి?"

"సాంబయ్యది" అన్నాడు బసవయ్య.

"ఈ పసుపు తీగ ఇక్కడెందుకుంది?"

"అది కిరాణా కొట్టు అప్పాయమ్మ గారిది. ఎనభై దాటింది కదమ్మా, ముందు కూర్చోబెట్టకపోతే బాగోదు" అంది వెంగమ్మ.

హైమ గోడకి జారగిలబడి కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇలాగే కరెంటు ఇచ్చి ఉంటే కంప్యూటర్ మాడి మసైపోయేది, దానితోపాటు ఉద్యోగం కూడా. కానీ ముగ్గురూ ఎదురుగా నిలబడి, పిల్ల మెచ్చుకుంటుందని మొహాలు వెలిగించుకుని చూస్తున్నారు. వాళ్ళ మీద కోపం రాలేదు, జాలీ ప్రేమా కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, "ఇక మీరేం చెయ్యకండి, నేను చూసుకుంటా" అంది.

అంతే, ముగ్గురూ ఏమీ చెయ్యడం మానేశారు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ కూర్చున్నారు. గేదె వచ్చి ఆరేసిన చీర నములుతుంటే చూస్తూ కూర్చున్నారు. బసవయ్యకి తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఆపుకున్నాడు. హైమ ఒక్కతే జడ విప్పి, కొసల్లో రంగులు చూసి, తీగలన్నీ పీకి, సరైన రంధ్రాల్లో గుచ్చి, తడి ఆరిందో లేదో చూసి, మీటరు పెట్టి పరీక్షించి, మీట నొక్కింది. కంప్యూటర్ చక్కగా వెలిగింది. అప్పుడు వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ జడ మళ్ళీ వెయ్యవే" అంది. వెంగమ్మ అప్పటికి ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు అందరూ ఆటోలో షాపుకి బయల్దేరారు. కుదుపులకి జడకి కట్టిన రిబ్బను ఎక్కడో జారిపోయింది, అల్లిక విడిపోతోంది. సుదర్శనం గారు ఒక్కో కంప్యూటరే చూసుకుంటూ వస్తున్నారు. "నాన్నా, అమ్మా, బాబాయ్! ఈ జడ విడిపోకుండా పట్టుకోండి. నేను వదలమనే దాకా వదలకండి" అంది హైమ. ముగ్గురూ బయటికెళ్ళి ఆటో ఇనుప కడ్డీ ముట్టుకొచ్చి మరీ పట్టుకున్నారు.

సుదర్శనం గారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. మిగతా వాళ్ళ తొడుగుల కొసలన్నీ పీచులు పీచులుగా ఉన్నాయి. ఇక్కడ ఒక్క పోగు లేదు, ఒక్క కుట్టు కనపడదు. పైగా జడ! "ఇన్నేళ్ళలో ఇలాంటి పని చూడలేదమ్మా. ఉద్యోగం నీదే. దీన్ని అద్దాల్లో పెట్టించండయ్యా" అని గుమాస్తాకి చెప్పి, "మా ఆవిడ నిన్ను చూడాలంటోంది, భోజనం మా ఇంట్లోనే" అని హైమని పక్క వీధిలో ఉన్న ఇంటికి తీసుకెళ్ళిపోయారు. ఆ సంతోషంలో హైమకి భూమ్మీద కాలు నిలవలేదు. చెప్పాల్సిన ఒక్క మాట మర్చిపోయింది.

భోజనాలై తిరిగొచ్చేసరికి షాపు ముందు జనం, జనం. హైమ తోసుకుంటూ ముందుకెళ్ళింది. గుమ్మం పక్కనే ఉన్న అద్దాల బీరువాలో తన కంప్యూటర్ తళతళలాడుతోంది. దాని పక్కనే నాన్న, అమ్మ, బాబాయ్ బొమ్మల్లా కూర్చుని, మూడు చేతులతో జడ పట్టుకుని, చెమటలు కక్కుతున్నారు.

"ప్రకటన కోసం మీరే పెట్టించారనుకున్నానండీ" అన్నాడు బయట నిలబడ్డ గుమాస్తా, సుదర్శనం గారితో.

"వదిలెయ్యండి నాన్నా! వదిలేసి బయటికి రండి!" అని హైమ గుమ్మం బయటినుంచే అరిచింది.

కోటిలింగం వదలబోయి ఆగాడు. "పట్టుకునే ముందు ఇనుము ముట్టుకున్నాం. వదిలేటప్పుడు ముట్టుకోకుండా వదిలేస్తే ఏం మర్యాద?"

బీరువా చుట్టూ చూశారు. అంతా అద్దమే, చెక్కే. గుమ్మం పైన చుట్టచుట్టుకుని ఉన్న షట్టరొకటే ఇనుము. "ఒకరు పట్టుకుంటే అందరం పట్టుకున్నట్టే" అని కోటిలింగం జడ వదలకుండా వెంగమ్మ చెయ్యి పట్టుకున్నాడు. వెంగమ్మ బసవయ్య చెయ్యి పట్టుకుంది. బసవయ్య పొట్టివాడు కదా, ఎగిరి రెండో చేత్తో షట్టరు కొక్కెం అందుకుని, దానికి వేలాడాడు.

గడగడా గడగడా మంటూ షట్టరు కిందికి దిగి ఠపీమని మూసుకుపోయింది. హైమా, సుదర్శనం గారూ, జనం బయట. ఆ ముగ్గురూ, కంప్యూటరూ లోపల.

లోపల్నించి బసవయ్య గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ముట్టుకున్నాం! కానీ ఇక్కడ చీకటైపోయింది. మేం వదిలేశామో లేదో కాస్త అద్దంలోంచి చూసి చెప్పమ్మా!"