నీలం మీద పసుపు

ఆ పాత రేవులో ఏ రెండిళ్ళ గోడలకీ ఒకే రంగు ఉండకూడదు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, తెరచాప ఓడలు దూరదేశాలకి నడిచిన నాటి నుంచీ కట్టుబాటు అదే. సముద్రంలోంచి రేవులోకి వచ్చే మొగ నిండా నీళ్ళ కింద ఇసుక తిప్పలు. పడవకి దారి చెప్పేవి గోడలే. ఒడ్డున నీలం గోడ, దాని వెనక దిబ్బ మీద పసుపు గోడ. సముద్రంలోంచి చూస్తే నీలం నెత్తిన పసుపు సరిగ్గా నిలబడాలి. అప్పుడు ముక్కుసూటిగా వచ్చేయొచ్చు. కాస్త పక్కకి జరిగినా పడవ అడుగు తిప్పకి తగులుతుంది.

పసుపు గోడ ఇంటావిడ మొగుడు పడవ నడుపుతాడు. ఏటా వేట మొదలయ్యే ముందు ఆ గోడకి రంగు వేసేది ఆయనే. "నేను తిరిగొచ్చేది దీన్ని చూసుకునే," అనేవాడు. ఆ మాటకి ఆవిడ మురిసిపోయేది. ఇది తెల్ల ఓడ రాకముందు సంగతి.

తెల్ల ఓడ ప్రతి గురువారం పొద్దున్నే వచ్చి మొగ బయట లంగరు వేసేది. రేవులో ఇళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినా దాని నడుముకి రావు. అందులోంచి తెల్ల టోపీల వాళ్ళు వందల మంది చిన్న పడవల్లో వచ్చి దిగి, ఊరంతా తిరిగి, సాయంత్రం కూత వినపడగానే ఎక్కిపోయేవాళ్ళు. దిగగానే వాళ్ళకి ఎదురయ్యేది నీలం గోడ. అందరూ అక్కడే ఆగి ఫోటోలు తీసుకునేవాళ్ళు. కిందింటావిడ, అంటే ఆ నీలం గోడ ఇల్లాలు, అరుగు మీద కూర్చుని ఊరికే నవ్వితే చాలు. ఆ నవ్వు ఎన్ని దేశాలకి పోయిందో ఎవరికి తెలుసు.

పసుపు గోడావిడకి కడుపు మండిపోయింది. మంట అంటే మామూలు మంటా? కూర్చుంటే అదే, పడుకుంటే అదే. ఒక గురువారం నీళ్ళ బిందె చంకనెత్తుకుని, పనేం లేకపోయినా కింది దారిన వచ్చి, నీలం గోడ పక్కన నిలబడింది. ఒక టోపీ మనిషి కంటికి కెమెరా ఆనించుకుని, రెండో చేత్తో జరగమని సైగ చేశాడు. ఆవిడ జరిగింది. కిందింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పూట పసుపు గోడావిడకి ముద్ద దిగలేదు.

ఆ తర్వాత మంగళవారం మొగుడు పది రోజుల వేటకి వెళ్ళాడు. బుధవారం పొద్దున్నే ఆవిడ సున్నంలో నీలిమందు కలిపింది.

ఒకప్పుడు పడవలు నడిపి, ఇప్పుడు కాళ్ళు సాగక ఒడ్డుకే పరిమితమైన ముసలి సరంగు ఒకడు ఆ దారిన పోతూ ఆగాడు.

"ఏం పనమ్మా ఇది? నీ మొగుడు నీళ్ళ మీదున్నాడు."

"ఆయనకి ఇల్లు తెలీదా తాతా? పుట్టి పెరిగిన రేవు."

"వీధిలో నిలబడితే ఇల్లు తెలుస్తుంది. నీళ్ళ మీంచి కనబడేది గోడే."

"పది రోజులుంది కదా. ఆయనొచ్చేలోపు మళ్ళీ పసుపు పూసేస్తాలే."

నిజంగానే అలా అనుకుంది పాపం, అబద్ధం ఎందుకాడాలి.

మర్నాడు గురువారం, నలుగురైదుగురు టోపీల వాళ్ళు దిబ్బ ఎక్కి వచ్చారు. ఆ నలుగురినీ చూసి కుడిపక్క ఇంటావిడ ఓర్వలేకపోయింది. శుక్రవారానికి ఆవిడ గోడా నీలమే. శనివారానికి ఎడంపక్కది, సోమవారానికి ఎదురిల్లు. వారం తిరిగేసరికి దిబ్బంతా నీలం. ఎవరి గోడ ఎవరిదో ఇళ్ళవాళ్ళే తడుముకునే పరిస్థితి వచ్చింది.

పసుపు పూయాల్సిన పదో రోజు మళ్ళీ గురువారమే అయింది. ఇవాళొక్కరోజు పోనీ, రేపు చూద్దాం అనుకుంది. నీలం మీద ఇంకో పూత దట్టంగా వేసి, పెళ్ళినాటి పట్టుచీర కట్టి, తల నిండా పూలు పెట్టుకుని గోడ పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం మొగ బయట ఒక తెరచాప కనబడింది. అటు పోతుంది, ఇటు వస్తుంది, ఆగుతుంది. టోపీల వాళ్ళు దానికీ ఫోటోలు తీశారు. ఒడ్డున ముసలి సరంగు తలపాగా విప్పి ఊపుతున్నాడు. ఎవడో దారి తెలీనివాడు అనుకుందావిడ. అంతలో ఇద్దరు టోపీల వాళ్ళు మెట్లెక్కి వస్తుంటే పూలు సర్దుకుంది. వాళ్ళు కుడిపక్క ఇంటి దగ్గరే ఆగిపోయారు. వాళ్ళని నాలుగు తిట్టుకుని మళ్ళీ తల తిప్పేసరికి తెరచాప లేదు. తెల్ల ఓడ దింపిన చిన్న పడవ ఒకటి తిప్పల వైపు పోతోంది.

పొద్దు వాలుతుండగా ఒక్కడు వచ్చాడు. తెల్ల టోపీ, ఒంటికి రెండింతలున్న తెల్ల చొక్కా. నీలం గోడ వైపు కన్నెత్తైనా చూడకుండా కిందింటావిడని దాటేసి నేరుగా దిబ్బెక్కాడు. పసుపు గోడావిడ గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్ళకి ఒక్కడైనా కిందిల్లు కాదని తన దగ్గరికొస్తున్నాడు. ఆవిడ చూసింది ఆ టోపీనే.

అతను ఉప్పునీళ్ళకి వాచిన కళ్ళతో ఒక్కో గోడా తడిమి చూశాడు. ఎదురింటికి వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. చివరికి ఆవిడ ముందు ఆగి, జరగమని చేత్తో సైగ చేశాడు. ఆవిడ సంతోషంగా జరిగింది. అతను వంగి బొటనవేలి గోటితో గోడని గీకాడు. నీలం పెచ్చు రాలింది. లోపల పసుపు కనబడింది.

అతను అక్కడే చతికిలబడి, గోడకి తల ఆనించాడు.

"ఈ ఇంటోళ్ళు ఎక్కడికి పోయారమ్మా?"

ఆ గొంతు ఆవిడకి తెలుసు. నేనేనయ్యా అని చెప్పబోయింది.

అంతలో గోడ దగ్గర ఏడుస్తున్న మనిషిని చూసి టోపీల వాళ్ళు బిలబిలమంటూ దిబ్బెక్కారు. పదిమంది, ఇరవైమంది, నీలం గోడ దగ్గర ఎన్నడూ చేరనంత మంది. కింద అరుగు మీద నిలబడి కిందింటావిడ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది.

గుంపులో ముందున్నవాడు కెమెరా ఎత్తి, ఆవిడని జరగమని సైగ చేశాడు.

ఆవిడ జరిగింది.